గేటు దాటని మీటరు

దక్షిణ ఢిల్లీలో ఐఐటీకి దగ్గరగా, జేఎన్‌యూ పాత క్యాంపస్‌కు ఎదురుగా ఉన్న బేర్ సరాయ్ పేరు పోటీ పరీక్షల పిల్లలున్న తెలుగు ఇళ్లకు కొత్త కాదు. గేట్‌కో, ఇంజినీరింగ్ సర్వీసెస్‌కో, సివిల్స్‌కో చదవడానికి ఢిల్లీ వెళ్లినవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆ సందుల్లో మకాం పెట్టినవాళ్లే. కింద పుస్తకాల కొట్లు, జిరాక్సు షాపులు, మెస్సులు ఉంటాయి. పైన నాలుగైదు అంతస్తుల్లో ఇరుకు గదులు. గది అద్దెకు మాట్లాడుకునేటప్పుడు రెండు సంగతులు తేల్చుకోవాలి: నెల అద్దె ఎంత, కరెంటు యూనిట్ ఎంత. నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు 2019 ఆగస్టు నుంచి కరెంటు ఉచితంగా వస్తున్న నగరం ఇది. అయినా ఇలాంటి గదుల్లో యూనిట్‌కు ఎనిమిది, తొమ్మిది, పది రూపాయలు అడగడం మామూలు. నెలాఖరుకు ఓనరు మనిషి వచ్చి, గుమ్మం పక్కన బిగించిన సబ్‌మీటరు రీడింగు రాసుకుని పోతాడు. మొత్తం విన్న కుర్రాడికి ముందు అనుమానం వచ్చేది ఆ మీటరు మీదే. గిర్రున తిరుగుతోందనీ, ఎవరో ఏదో చేశారనీ అనుకుంటాడు. అతని అనుమానం చాలా మటుకు తప్పు. అతని కడుపుమంట మాత్రం న్యాయమైనదే. మీటరు చూపే అంకెలో పెద్దగా మోసం ఉండదు. సర్కారు లెక్కలోకి వచ్చే మీటరు ఎవరి పేరున, ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఉంది తప్పు. అది అక్కడే ఎందుకు ఆగిందో తెలియాలంటే ఈ ఊరి గతాన్నీ, మీటరు అనే పరికరం గతాన్నీ కలిపి చూడాలి.

మన ఊళ్లలో గ్రామకంఠం ఎలాంటిదో ఢిల్లీ పల్లెల్లో లాల్ డోరా అలాంటిది. ఇళ్లున్న జాగా ఏదో, సాగుభూమి ఏదో విడదీయడానికి 1908లో రెవెన్యూ పటాల మీద ఎర్ర సిరాతో గీత గీశారు. గీత బయట పొలానికి శిస్తు ఉంది, ఎవరిది ఎంతో రికార్డు ఉంది. లోపల ఇళ్ల జాగాకు శిస్తూ లేదు, ఇంటింటికీ విడివిడిగా హక్కు పత్రాలూ లేవు. స్వాతంత్ర్యం తర్వాత రాజధాని దక్షిణం వైపు పెరగడం మొదలైంది. 1961లో పెద్ద ఎత్తున భూసేకరణ విధానం వచ్చింది, 1962లో మాస్టర్ ప్లాన్ వచ్చింది. నగరానికి పొలాలు కావాలి, పల్లెలు అక్కర్లేదు. అందుకే గీత బయట భూమిని తీసుకుని లోపల ఇళ్లను ఎక్కడివక్కడ వదిలేశారు. ఐఐటీగా మారిన ఇంజినీరింగ్ కళాశాల 1961లో మొదలైంది, జేఎన్‌యూ 1969లో ఏర్పడింది. ఈలోగా 1963లో లాల్ డోరా లోపల ఇల్లు కట్టుకునేవాళ్లకు ప్లాను మంజూరు అక్కర్లేదన్న మినహాయింపు వచ్చింది. సేద్యగాళ్లు తమ కొట్టాలూ వసారాలూ వేసుకోవడానికి కార్పొరేషన్ చుట్టూ తిరగనక్కర్లేకుండా చేయడమే అప్పటి ఉద్దేశం. కొన్నేళ్లకు సేద్యమే పోయింది, మినహాయింపు మిగిలింది. పొలం పోయిన కుటుంబం చేతిలో ఆ కాస్త ఇంటి జాగా తప్ప ఏమీ లేదు. నాలుగడుగుల దూరంలో రెండు పెద్ద చదువుల సంస్థలు, వాటి చుట్టూ చేరిన కోచింగులు, గది కోసం వెతుక్కునే వేలమంది కుర్రాళ్లు. అంతస్తు మీద అంతస్తు లేచింది. వాళ్ల ఆశను తప్పుపట్టలేం. భూమిని తీసుకున్న నగరం వాళ్లకు చూపిన జీవనోపాధి అదొక్కటే. కానీ నగరం ఆ ఇళ్లను తన చట్టం పరిధిలోకి పూర్తిగా రానివ్వలేదు, బయట పూర్తిగా ఉండనివ్వనూ లేదు. ఆ సగం సగం బతుకే తర్వాత కరెంటు తీగల్లోనూ కనిపించింది.

ఢిల్లీకి కరెంటు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రైవేటు కంపెనీ డీజిల్ యంత్రాలతో వచ్చింది. తర్వాత చేతులు మారుతూ 1958లో కార్పొరేషన్ కింద ఢిల్లీ ఎలక్ట్రిక్ సప్లై అండర్‌టేకింగ్ అయింది. దాన్నే జనం డెసూ అనేవారు. 1997లో అది ఢిల్లీ విద్యుత్ బోర్డు అయింది. ఆ బోర్డు చివరి రోజుల్లో పంపిన కరెంటులో సగానికి పైగా డబ్బు రాబట్టలేకపోయిందన్నది అందరూ ఒప్పుకున్న సంగతే. కొంత తీగల్లో వేడిగా పోయింది, చాలా భాగం కొక్కేల్లోనూ, పాడైన మీటర్లలోనూ, వేయని బిల్లుల్లోనూ పోయింది. 2002 జులైలో బోర్డును విడగొట్టి పంపిణీని మూడు కంపెనీలకు ఇచ్చారు. వాటిలో 51 శాతం వాటా ప్రైవేటుది, 49 శాతం ప్రభుత్వానిది. బేర్ సరాయ్ ఉన్న దక్షిణ ఢిల్లీ బీఎస్ఈఎస్ రాజధాని కిందికి వచ్చింది. పాత చక్రం మీటర్ల స్థానంలో ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చాయి. తీగలు మారాయి, కొక్కేలు తగ్గాయి. సగానికి పైగా ఉన్న నష్టం ఇరవై ఏళ్లలో ఒంటి అంకెల శాతానికి దిగింది. దేశంలో విద్యుత్ సంస్కరణల గురించి మాట్లాడేవాళ్లంతా ఈ ఉదాహరణ ఎత్తుతారు, ఎత్తడంలో తప్పూ లేదు. కానీ ఆ విజయం ఎక్కడిదాకా వచ్చిందో కూడా చూడాలి. కంపెనీకి కావలసింది పంపిన ప్రతి యూనిట్‌కూ డబ్బు చెల్లించే ఒక పేరు. అద్దె ఇంట్లో ఆ పేరు ఓనరుది. కొక్కెం కరెంటుకు లెక్క లేదు, లెక్క లేనిచోట దాన్ని గదికింత అని పంచాల్సిన పనీ లేదు. వాడిన ప్రతి యూనిట్‌కూ ఓనరు పేరున బిల్లు పడే రోజులు వచ్చాక ఆ లెక్కను కిందికి దించక తప్పలేదు. గది గదికీ సబ్‌మీటరు అలవాటు గట్టిపడింది ఆ సంస్కరణ నీడలోనే. సర్కారు లెక్క గేటు దాకా వచ్చి ఆగింది, అక్కడి నుంచి ఓనరు లెక్క మొదలైంది.

అమ్మేవాడు కొలవడం, కొనేవాడు నమ్మడం కరెంటు వ్యాపారం పుట్టినప్పటి నుంచీ ఉన్న తగువే. ఎడిసన్ 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో విద్యుత్ కేంద్రం మొదలుపెట్టాక వాడిన కరెంటును కొలవడానికి గాజు సీసాలు పెట్టాడు. సీసాలో జింక్ ద్రావణం, అందులో రెండు జింక్ పలకలు. కరెంటు పారేకొద్దీ ఒక పలక నుంచి జింక్ కరిగి రెండో పలకకు చేరుతుంది. కంపెనీ మనిషి వచ్చి పలకలు తీసుకుపోయి తూకం వేసి, పెరిగిన బరువును బట్టి బిల్లు రాసేవాడు. రసాయన శాస్త్రం ప్రకారం పద్ధతి మంచిదే. కానీ ఇంట్లో ఉన్నవాడికి ఆ సీసాలో ఏమీ కనిపించదు. తూకం జరిగేది కంపెనీ గదిలో. నమ్మడం తప్ప దారి లేదు. కొద్ది కాలానికే ఆల్టర్నేటింగ్ కరెంటు పెరిగింది. గలీలియో ఫెరారిస్ 1885లో తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని చూపించాడు. బుడాపెస్ట్‌లో గాంజ్ కంపెనీ ఇంజినీరు ఒట్టో బ్లాతీ 1889లో ఆ సూత్రంతోనే అల్యూమినియం చక్రం తిరిగే మీటరు తయారుచేశాడు. మన ఇళ్లలో మొన్నమొన్నటి దాకా గాజు తలుపు వెనక తిరిగిన చక్రం ఆ వంశానిదే. అది తెచ్చిన అసలు మార్పు గాజు తలుపు. చక్రం తిరగడం, అంకెలు మారడం ఇంటివాడి కళ్లెదుట జరుగుతుంది. అమ్మేవాడు చదివే అంకెనే కొనేవాడూ చదువుతాడు. కరెంటు బిల్లుకు కాస్తో కూస్తో నమ్మకం వచ్చింది ఆ ఏర్పాటుతోనే. బేర్ సరాయ్ గదిలో అంకె కనిపిస్తుంది, కానీ ఆ అంకెను దేంతో గుణిస్తున్నారో, ఆ రేటు ఏ బిల్లు నుంచి వచ్చిందో కనిపించదు. కంపెనీ అసలు బిల్లు ఓనరు చేతిలో ఉంటుంది. కొలత బయటికి వచ్చింది, ధర మళ్లీ మూసిన సీసాలోకి పోయింది.

యూనిట్ అంటే ఏమిటో కచ్చితంగా తెలిస్తే ఈ తగువులో సగం తేలిపోతుంది. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్, అంటే 36 లక్షల జౌళ్లు. ఒళ్లు వంచి పనిచేసే మనిషి రోజంతా నిలకడగా ఇవ్వగలిగే బలం దాదాపు 75 వాట్లు. ఎనిమిది గంటల కూలి పని 0.6 యూనిట్ అవుతుంది. ఇప్పుడు ఢిల్లీ జనవరి పొద్దున్న కొళాయి కింద పెట్టిన ప్లాస్టిక్ బకెట్ చూడండి. అందులో 15 లీటర్ల నీళ్లు, 15 డిగ్రీల చలి. స్నానానికి 40 డిగ్రీలు కావాలి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4,200 జౌళ్లు కావాలి కాబట్టి మొత్తం 15 లక్షల 75 వేల జౌళ్లు, అంటే 0.44 యూనిట్. 1,500 వాట్ల హీటర్ రాడ్డు పదిహేడున్నర నిమిషాల్లో ఆ పని చేసేస్తుంది. ఒక్క బకెట్ వేడినీళ్లకు కూలిమనిషి రోజు శ్రమలో మూడు వంతుల దాకా పోతుంది. రోజూ స్నానం చేస్తే నెలకు 13 యూనిట్లు. వోల్టేజి పడిపోతే బిల్లు పెరుగుతుందన్న భయం కూడా గదుల్లో వినిపిస్తుంది. రాడ్డు విషయంలో ఆ భయం అక్కర్లేదు. 230 వోల్టులకు బదులు 207 వస్తే రాడ్డు బలం ఐదో వంతు తగ్గుతుంది, బకెట్ కాగడానికి అంతకు తగ్గట్టు ఎక్కువసేపు పడుతుంది. ఈలోగా బకెట్ నుంచి గాలిలోకి పోయే కాస్త వేడిని పక్కన పెడితే నీళ్లకు చేరాల్సిన శక్తి మారదు, యూనిట్లూ మారవు.

ఇలాంటి ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ఫోను తీసేశాక చార్జరు ప్లగ్గులోనే వదిలేస్తే మీటరు తిరుగుతుందా? ఇప్పటి చార్జర్లు ఊరికే ఉన్నప్పుడు తీసుకునేది వాట్‌లో చిన్న భాగం, నెలంతా వదిలినా యూనిట్‌లో ఆరో వంతు దాటదు. పైగా మామూలు ఇంటి మీటరుకు లెక్కపెట్టడం మొదలుపెట్టే కనీస కరెంటు ఒకటి ఉంటుంది. చార్జరు ఒక్కటే ఉంటే ఆ గడప దాకా కూడా రాదు. ఫ్యాను స్పీడు తగ్గిస్తే కరెంటు మిగులుతుందా? డబ్బాలాంటి పాత రెగ్యులేటరు అయితే తగ్గించిన దాంట్లో చాలా భాగాన్ని తానే వేడిగా తగలేస్తుంది, గుండ్రంగా తిరిగే కొత్త ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు అయితే నిజంగానే మిగులుస్తుంది. వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న కూలరుది. మే నెలలో ఢిల్లీ గాలి ఎండిపోయి ఉంటుంది. కూలరు గడ్డి మీదుగా గాలి వెళ్తుంటే లీటరు నీరు ఆవిరవుతూ దాదాపు 24 లక్షల జౌళ్ల వేడిని, అంటే యూనిట్‌లో మూడింట రెండు వంతుల వేడిని గాలి నుంచి లాగేస్తుంది. గంటకు మూడు లీటర్లు ఆవిరైతే రెండు యూనిట్ల వేడి పోయినట్టు. దానికి ఫ్యానూ పంపూ కలిపి ఖర్చయ్యేది 180 వాట్ల చొప్పున యూనిట్‌లో ఐదో వంతు కూడా కాదు. డబ్బుకు ఇంత చల్లదనం ఇచ్చే యంత్రం ఇంకోటి లేదు. అదే కూలరు జులైలో వానలు పడ్డాక పనిచేయదు. విశాఖ, కాకినాడ నుంచి వెళ్లినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు, తేమ నిండిన గాలిలోకి నీరు ఆవిరి కాదు. కరెంటు మాత్రం ఎప్పటిలాగే ఖర్చవుతుంది. చెమట పోస్తూనే ఉంటుంది, బిల్లు మేలో వచ్చినంతా వస్తుంది. మీటరు మీద అనుమానం ముదిరేది ఇలాంటి నెలల్లోనే.

ఆ అనుమానాన్ని తీర్చుకునే సాధనం గోడ మీదే ఉంది. ఎలక్ట్రానిక్ సబ్‌మీటరు మూతి మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది, పక్కన యూనిట్‌కు ఎన్నిసార్లు మెరుస్తుందో అచ్చువేసి ఉంటుంది. చాలా వాటి మీద 3,200 అని కనిపిస్తుంది. గదిలో అన్నీ ఆపేసి 1,500 వాట్ల రాడ్డు ఒక్కటే నీళ్లలో పెట్టి ఆన్ చేస్తే, వోల్టేజి సరిగా ఉన్నప్పుడు ఆ లైటు నిమిషానికి 80 సార్లు మెరవాలి. వోల్టేజి 207కి పడితే 65 సార్లు. రాడ్డు మీద రాసిన వాట్లు అంత కచ్చితం కావు కాబట్టి ఐదారు తేడాను పట్టించుకోనక్కర్లేదు. నాలుగింట ఒక వంతు తేడా వస్తే మాత్రం మీటరును నిలదీయవచ్చు. రాడ్డు కూడా ఆపేశాక లైటు ఇంకా మెరుస్తుంటే వరండా బల్బో, నీళ్ల మోటారో, పక్క గది ప్లగ్గో ఈ మీటరు మీద ఉందన్నమాట. మీటరు దొంగ కాకపోయినా వైరింగు దొంగ కావడానికి వీలుంది. ప్రమాణాల ప్రకారం తయారైన ఒకటో తరగతి మీటరు తప్పు ఒక శాతం లోపే ఉండాలి. నెలకు 110 యూనిట్లు వాడే గదిలో అది యూనిట్ చిల్లర, డబ్బుల్లో పది రూపాయలు. 2002 తర్వాత ఎలక్ట్రానిక్ మీటర్లు బిగించినప్పుడు ఢిల్లీ అంతటా వేగంగా తిరుగుతున్నాయని గోల లేచింది. కాలనీల సంఘాలు 2005లో పెంచిన చార్జీలు కట్టబోమని పట్టుబట్టి పెంపును వెనక్కి తీయించాయి. ఆ గోలలో కాలనీలకు నోరు ఉంది, ఎందుకంటే మీటరు వాళ్ల పేరున ఉంది. బేర్ సరాయ్ గదిలో ఉన్నవాడు అదే కరెంటు వాడుతున్నా కంపెనీ లెక్కలో వినియోగదారుడే కాదు. ఫిర్యాదు చేయడానికి అతనికి సర్వీసు నంబరే లేదు.

ఇక రేటు సంగతి. ఏసీ లేని గదిని తీసుకుందాం. 75 వాట్ల ఫ్యాను రోజుకు 18 గంటలకు నెలకు 40 యూనిట్లు, కూలరు రోజుకు పది గంటలకు 54, ల్యాప్‌టాప్‌కు 12, ఎల్ఈడీ లైటుకు మూడు. ఎండాకాలం మొత్తం 109. లెక్క సులువు కోసం 100 అనుకుందాం. ఐదంతస్తుల ఇంట్లో అలాంటి గదులు పది, నెలకు వెయ్యి యూనిట్లు. ఢిల్లీలో 2019 నుంచి నడిచిన ఇంటి రేట్లు ఇవి: మొదటి 200 యూనిట్లకు 3 రూపాయలు, తర్వాతి 200కు నాలుగున్నర, 800 దాకా ఆరున్నర, 1,200 దాకా 7, ఆపైన 8. ఇల్లంతటికీ ఒకే మీటరు ఉంటే వెయ్యి యూనిట్ల బిల్లు 5,500 రూపాయలు. స్థిర చార్జీలు, కొనుగోలు ధర సర్దుబాటు, సర్‌చార్జీలు, పన్ను కలిసి మరో మూడో వంతు పడిందనుకున్నా 7,300 చిల్లర. ఇప్పుడు అదే ఇంట్లో అంతస్తుకో మీటరు ఉందనుకోండి. ఒక్కో మీటరు మీద 200 యూనిట్లే, సబ్సిడీకి దరఖాస్తు పెట్టి ఉంటే ఐదింటి బిల్లూ సున్నా. పది గదుల వాళ్లు యూనిట్‌కు తొమ్మిది రూపాయల చొప్పున కట్టేది మొదటి ఇంట్లో 9,000, రెండో ఇంట్లోనూ 9,000. అవే ఫ్యాన్లు, అవే కూలర్లు, అవే యూనిట్లు. ఓనరుకు ఒకచోట మిగిలేది 1,700, ఇంకోచోట మొత్తం తొమ్మిది వేలు. గదికో మీటరు ఉంటే ఆ పదిమందీ కట్టేది సున్నా. ఈ మూడు అంకెల మధ్య తేడా తెచ్చింది మీటరు ఉన్న చోటు తప్ప ఇంకేమీ కాదు. ఉచిత కరెంటును మనిషికి కాకుండా మీటరుకు ముడిపెట్టారు. అద్దెకున్నవాడికి మీటరు లేదు.

ఓనర్ల వాదనలో బలం లేదని కొట్టిపారేయకూడదు. ఒకే మీటరున్న ఇంట్లో యూనిట్ సగటు ధర పన్నులతో కలిపి నిజంగానే ఏడు రూపాయలు దాటుతుంది, వేసవిలో ఏసీలు పెడితే ఎనిమిది దాటుతుంది. నీళ్ల మోటారు, మెట్ల లైట్లు, రెండు నెలలు కట్టకుండా రాత్రికి రాత్రి వెళ్లిపోయే కుర్రాళ్ల బాకీ, ఇవన్నీ ఆయన మీదే పడతాయి. ఎనిమిది తొమ్మిది అడగడం అన్నిచోట్లా దోపిడీ కాదు. కానీ ఈ వాదన నిజమో కాదో ఎదుటివాడు తేల్చుకోవాలంటే ఆయన కంపెనీ బిల్లు చూపించాలి. ఏడు రూపాయల ఇల్లు ఏదో, సున్నా రూపాయల ఇల్లు ఏదో బయటివాడికి తెలియకుండా ఉన్నంతకాలం నిజాయతీగా అడిగే ఓనరుకు కూడా ఈ ఏర్పాటు చెడ్డపేరే తెస్తుంది. చట్టం మాట కూడా ఉంది. 2003 విద్యుత్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా కరెంటు వ్యాపారం చేయకూడదు. తాను కట్టిన దాన్ని పంచుకోవడం వేరు, దానిపై లాభం తీయడం వేరు. ఆ గీత ఎక్కడుందో అసలు బిల్లు చూడకుండా ఎవరూ చెప్పలేరు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. 2019 సెప్టెంబరులో ఢిల్లీ ప్రభుత్వం అద్దెకున్నవాళ్ల కోసమే ముఖ్యమంత్రి కిరాయేదార్ బిజ్లీ మీటర్ యోజన తెచ్చింది. అద్దె ఒప్పందమో రసీదో చూపిస్తే ఓనరు అనుమతి లేకుండానే ప్రీపెయిడ్ మీటరు, దానిమీద సబ్సిడీ. అవకాశం ఇచ్చాక వాడుకోకపోతే తప్పు ఎవరిదని అడగవచ్చు. అసలు ఆ హక్కు కొత్తది కూడా కాదు. ఆ స్థలంలో నివసించేవాడు అడిగినా కనెక్షన్ ఇవ్వాలని 2003 చట్టం 43వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది, దానికి ముందున్న 1910 చట్టంలోనూ యజమానితో పాటు నివాసి మాట ఉంది. నూరేళ్లకు పైగా చట్టం పుస్తకంలో ఉన్న హక్కు సందులోకి రాకపోవడానికి కారణం లాల్ డోరా చరిత్రలోనే ఉంది. నోటిమాటగా ఇచ్చే గదికి ఒప్పంద పత్రం ఉండదు, చాలాచోట్ల రసీదూ ఉండదు. ఒక గదిని విడి ఇల్లుగా చూపించడానికి ప్లాను లేదు. 15 మీటర్లు దాటిన కట్టడాలకు అగ్నిమాపక అనుమతి లేకుండా కొత్త కనెక్షన్ రాదు. అది సరైన నిబంధనే, కానీ అనుమతి లేకుండా లేచిన పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు దాంతో దారి మూసుకుపోతుంది. ఏడాది చదువుకు వచ్చిన కుర్రాడు ఓనరుతో పేచీ పెట్టుకుని మీటరు తెచ్చుకుంటే మర్నాడు గది ఖాళీ చేయమంటారు. కరెంటు, నీళ్లు కట్ చేయకూడదని 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం 45వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. కానీ 1988 సవరణ నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలను ఆ చట్టం నుంచి తప్పించింది. బేర్ సరాయ్‌లో ఈ రోజు ఆ అద్దెకు ఏ గదీ దొరకదు. హక్కు ఇచ్చిన చట్టం ఒకటి, దాన్ని వాడుకున్నవాడిని కాపాడాల్సిన చట్టం ఇంకొకటి. రెండోది ఎప్పుడో వెనక్కి తగ్గింది.

మీటరు చుట్టూ రాజకీయం తెలుగువాళ్లకు కొత్త కాదు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద ఊరేగిన జనంపై కాల్పులు జరిగాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. మొన్నమొన్నటి దాకా రెండు రాష్ట్రాల్లోనూ బోరు మోటార్లకు మీటర్లు బిగించాలా వద్దా అన్నది ఎన్నికల మాటైంది. అక్కడ రైతు భయం మీటరు వస్తే లెక్క వస్తుందని, లెక్క వస్తే బిల్లు వస్తుందని. ఢిల్లీ గదిలో ఆ రైతు కొడుకు ఇబ్బంది దానికి తలకిందులు. మీటరు తన పేరున లేదు కాబట్టే బిల్లు వస్తోంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతిలో 200 యూనిట్ల ఉచిత కరెంటును రేషన్ కార్డుకూ సర్వీసు నంబరుకూ కలిపి ముడిపెట్టారు. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుందని ప్రభుత్వం చెప్పింది. మంచి మాటే. విడి సర్వీసు ఉన్న అద్దె ఇంటికి అది చేరుతుంది. సబ్‌మీటరు మీద నడిచే గదికి అక్కడా చేరదు. మీటరు లేనివాడిని ప్రభుత్వాల లెక్క రెండు చోట్లా చూడలేకపోతోంది.

ఇది కేవలం డబ్బుల సంగతి కూడా కాదు. ఓనరు తీసుకున్న మంజూరు లోడు ఎంతో, కింద నుంచి వచ్చే మెయిన్ తీగ ఎంత మందమో పైగదుల్లో ఉన్నవాళ్లకు తెలియదు. చలికాలం పొద్దున్న పది గదుల్లో పది రాడ్లు ఒకేసారి పెడితే అది 15 కిలోవాట్లు, 65 ఆంపియర్లు. ఒకే ఫేజు మీద, సన్న తీగ మీద అంత లాగితే ఎంసీబీ పడిపోవాలి. పడిపోయినప్పుడల్లా విసుగుతో పెద్దది మార్చేస్తే వేడెక్కేది తీగ. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. 2023 జూన్ 15న ముఖర్జీనగర్ కోచింగ్ భవనంలో మంటలు మొదలైంది మీటర్ల దగ్గరే. పిల్లలు కిటికీల నుంచి తాళ్లూ తీగలూ పట్టుకుని దిగిన దృశ్యాలు దేశమంతా చూసింది. గదికో మీటరు ఉంటే గదికింత లోడు అని కాగితం మీద ఉంటుంది, తీగ మందం దాన్నిబట్టి నిర్ణయించాలి. లెక్కలోకి రాని గది భద్రత లెక్కలోకీ రాదు.

గ్రామకంఠం లాంటి చోట ఇంత సన్నటి లెక్క పెట్టడం సాధ్యం కాదని, పదేసి మీటర్లు బిగించడానికి గోడల మీద చోటే లేదని చివరి అభ్యంతరం. అదే ఢిల్లీలో దానికి జవాబు చాలా కాలంగా నడుస్తోంది. గ్రూప్ హౌసింగ్ సొసైటీలు చాలా చోట్ల కంపెనీ నుంచి కరెంటును ఒకే పాయింటులో తీసుకుంటాయి. లోపల ఫ్లాటుకో సబ్‌మీటరు. అక్కడ ప్రతి ఫ్లాటునూ విడి ఇల్లుగానే లెక్కించి, అదే స్లాబు రేటు వేసి, ప్రభుత్వ సబ్సిడీ ఉంటే దాన్నీ ఆ సభ్యుడికే దించాలని ఢిల్లీ విద్యుత్ నియంత్రణ కమిషన్ టారిఫ్ ఉత్తర్వులు చెబుతున్నాయి. సబ్‌మీటరు వెనక ఉన్న మనిషిని సర్కారు చూడగలదని, చూసే పద్ధతి కూడా రాసిపెట్టి ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. సొసైటీకి సంఘం ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది, ఆడిట్ ఉంది. బేర్ సరాయ్ ఇంటికి అవి లేవని అంటారు. నిజమే. అయితే అక్కడి ఓనరుకు కంపెనీ ఇచ్చిన సర్వీసు నంబరు ఉంది, ప్రతి నెలా కంపెనీ మనిషి ఆ గేటు దాకా వస్తూనే ఉన్నాడు. ఇంట్లో ఎన్ని సబ్‌మీటర్లున్నాయో ఆ బిల్లు మీదే నమోదు చేసి, మొత్తం యూనిట్లను గదుల సంఖ్యతో భాగించి స్లాబు వేస్తే, పైన చెప్పిన పది గదుల ఇంట్లో ఒక్కో గదికి 100 యూనిట్లు వస్తాయి. ఓనరు నష్టపోయేది కూడా ఏమీ లేదు, ఒకే మీటరున్నవాడికి 7,300 బిల్లు పోయి సున్నా వస్తుంది. నష్టపోయేది సున్నా బిల్లు మీద తొమ్మిది రూపాయలు వసూలు చేస్తున్నవాడు ఒక్కడే. ఆ బిల్లు నకలు ఒకటి ప్రతి నెలా మెట్ల దగ్గర గోడకు అంటించమని నిబంధన పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, కమిషన్ సప్లై కోడ్‌లో ఒక్క వాక్యం చాలు.